రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ - ఆంగ్లేయులతో ఆయన పొత్తు

సైన్య సహకార పద్ధతికి మొదట అంగీకరించిన స్వదేశీ ప్రభువు ఎవరు అనే ప్రశ్నకు మన విద్యార్థులు ఎన్ని పరీక్షలలో జవాబు వ్రాసి ఉంటారో లెక్క లేదు. హైదరాబాదు నిజాం, 1798 అని ఒక పంక్తి వ్రాసి, రావలసిన మార్కు పొంది, తరువాతి ప్రశ్నకు సాగిపోతారు. ఆ పంక్తిలోని నిజాం పేరు మీర్ నిజాం అలీఖాన్, రెండవ అసఫ్‌జా. ఆయన తన స్వాతంత్ర్యాన్ని ఒక్కనాట ఆంగ్లేయుల చేతిలో పెట్టలేదు. 1766 మొదలు 1798 వరకు ముప్పది రెండు సంవత్సరములు వారి మాటను పరీక్షించి చూచినాడు, నమ్మినాడు, నమ్మి చెడినాడు, వారిని విడిచి ఫ్రెంచివారిని ఆశ్రయించినాడు, తిరిగి ఆంగ్లేయుల వద్దకే వచ్చినాడు.

ఈ రాకపోకలకు ఆయన చపలచిత్తమే కారణమని వ్రాసినవారు కలరు. మేము ఆ అభిప్రాయముతో పూర్తిగా ఏకీభవించలేము. ఆయనకు మాట ఇచ్చినది ఈస్టిండియా కంపెనీ. ఆ మాట నిలుచునా, నిలువదా అని తేల్చినది మాత్రము ఒకసారి మదరాసు, కలకత్తా కౌన్సిళ్ల కలహము, మరియొకసారి లండనులోని పార్లమెంటు రాజకీయము. వాటిపై హైదరాబాదు దర్బారుకు ఎట్టి పట్టూ లేదు. ఈ దృష్టితో ఆయన జీవితాన్ని ఇచ్చట సంగ్రహముగా చెప్పదలచినాము.

నిజాం అలీఖాన్ 1734 మార్చి 7వ తేదీన జన్మించినాడు. అసఫ్‌జాహీ వంశస్థాపకుడైన నిజాముల్ ముల్కుకు ఆయన నాలుగవ కుమారుడు. తండ్రి 1748లో మరణించేనాటికి ఆయనకు పదునాలుగేండ్లు. ఆ పిదప దక్కనులో జరిగిన వారసత్వపు పోరు మన పాఠ్యగ్రంథములలో ఉన్నదే. 1750లో నాసిర్ జంగు కుట్రకు బలియైనాడు. కొద్ది వారములకే ముజఫర్ జంగు కడప సీమలో హతుడైనాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో సలాబత్ జంగు మసనదు ఎక్కినాడు. బుస్సీ సైన్యపు జీతభత్యముల కొరకు 1753లో ఉత్తర సర్కారులు, అనగా శ్రీకాకుళము మొదలు కృష్ణాతీరము వరకు గల తెలుగు నేల, ఫ్రెంచివారి వశమైనవి.

ఇంతటి వెల చెల్లించి నిలుపుకొన్న ఆ సైన్యము అవసరానికి ఉన్నదా? 1758లో ఫ్రాన్సు నుండి వచ్చిన లాలీ, కర్ణాటక యుద్ధము కొరకు బుస్సీని వెనుకకు పిలిచినాడు. సలాబత్ జంగు ఎంత వేడుకొన్ననూ ప్రయోజనము లేకపోయినది. ఆ సంవత్సరము డిసెంబరులో చందుర్తి యుద్ధమున ఫ్రెంచివారు ఓడినారు, 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోట ఆంగ్లేయుల పాలైనది, మే మాసములో సలాబత్ జంగు ఆంగ్లేయులతో సంధి చేసికొన్నాడు. అన్నగారి ఇంట జరిగిన ఈ తతంగమంతయూ తమ్ముడు కన్నులారా చూచినాడు. మన ఇంట కాపురమున్న పరాయి ఫౌజు కదలవలెనన్నా, నిలువవలెనన్నా ఉత్తరువు మరియొక ఇంటి నుండి రావలెనని ఇరువది అయిదేండ్ల ప్రాయములోనే ఆయనకు బోధపడినది.

ఆయనను నిష్కళంకుడుగా చిత్రించుట మా ఉద్దేశము కాదు. బుస్సీ దివానైన హైదర్ జంగు 1758లో నిజాం అలీ డేరాలోనే హత్యకు గురియైనాడు. 1762లో ఆయన అన్న సలాబత్ జంగును బీదరు కోటలో బంధించి తానే పాలకుడైనాడు. మరుసటి సంవత్సరము ఆ అన్న చెరలోనే కన్నుమూసినాడు. మరాఠాలతోనూ, మైసూరుతోనూ ఆయన చేసిన పొత్తులు ఋతువులను బట్టి మారినవి. కనుక ఆయన మాటను ఇతరులు సంశయించినారంటే అందులో ఆశ్చర్యము లేదు. అయితే ఆయన మనసు మారితే మారినది ఒక్క మనిషి మనసు. కంపెనీ మాట మారినప్పుడు ఎవరు మార్చినారో తెలిసికొనుటకే హైదరాబాదులో నెలలు గడిచేవి.

రాజధానిని ఔరంగాబాదు నుండి హైదరాబాదుకు మార్చినది నిజాం అలీఖానే. ఇక ఆంగ్లేయులతో తొలి బేరము సర్కారుల విషయములో వచ్చినది. 1765లో క్లైవు ఢిల్లీ పాదుషా షా ఆలం నుండి ఉత్తర సర్కారులకు ఫర్మానా సంపాదించినాడు. నేల తనదని నమ్మిన నిజాం అలీ ఆగ్రహించినాడు. చివరకు 1766 నవంబరులో హైదరాబాదులో సంధి కుదిరినది. సర్కారులన్నియు కంపెనీ అధీనములోనికి వచ్చిన పిదప ఏటా 9 లక్షల రూపాయల పేష్కష్ చెల్లించవలెను, నిజాముకు అవసరమైనప్పుడు ఫౌజును పంపవలెను అన్నవి షరతులు. గుంటూరు సర్కారు మాత్రము తమ్ముడు బసాలత్ జంగు జీవించియున్నంత కాలము ఆయన క్రిందనే ఉండవలెను.

మరుసటి సంవత్సరము నిజాం ఆంగ్లేయుల సైన్యముతో కలిసి మైసూరుపైకి బయలుదేరి, మార్గమధ్యములో హైదర్ అలీతో చేయి కలిపినాడు. చెంగం, తిరువణ్ణామలై యుద్ధములలో ఓటమి కలుగగా తిరిగి సంధికి వచ్చినాడు. ఆ 1768 సంధిలో ఒక వాక్యమున్నది. నిజాం కోరినప్పుడు రెండు పటాలములను, ఆరు ఫిరంగులను కంపెనీ పంపవలెను, కాని కంపెనీ వ్యవహారముల పరిస్థితి అనుకూలించినప్పుడే. ఆ చివరి మాట చూడుటకు చిన్నది. రాబోవు ముప్పది సంవత్సరముల చిక్కు అంతయూ దానిలోనే ఇమిడి ఉన్నది. ఆ పరిస్థితి అనుకూలమో కాదో నిర్ణయించేది ఎవరు? మదరాసా, కలకత్తాయా, లండనా?

ఈ ప్రశ్నకు జవాబు 1779లో చేదుగా తెలిసివచ్చినది. మదరాసు గవర్నరు రంబోల్డు నిజాముతో చెప్పకయే బసాలత్ జంగుతో ఒప్పందము చేసికొని గుంటూరును తీసికొన్నాడు, దానిని ఆర్కాటు నవాబుకు కౌలుకు ఇచ్చినాడు. అంతటితో ఆగక, చెల్లించవలసిన పేష్కష్‌ను వదులుకొమ్మని అడుగుటకు హాలండు అను రాయబారిని హైదరాబాదుకు పంపినాడు. మిత్రుని భూమిని ఆయన తమ్ముని చేతినుండి తీసికొని, పైగా బాకీ మాఫీ చేయమని మిత్రుని గుమ్మములోనికే వచ్చి అడుగుట వంటిది ఇది. నిజాం అలీ ఉగ్రుడై హైదర్ అలీతోనూ మరాఠాలతోనూ మంతనములు సాగించినాడు. 1780లో హైదర్ కర్ణాటకముపై విరుచుకుపడిన మహాకూటమికి ఈ గుంటూరు వ్యవహారము ఒక ముఖ్యకారణము.

అప్పుడు కలకత్తాలో గవర్నర్ జనరలుగా ఉన్న వారన్ హేస్టింగ్సు మదరాసువారు చేసినది తప్పని ప్రకటించినాడు. 1773లో పార్లమెంటు చేసిన చట్టము యుద్ధము, సంధి విషయములలో మదరాసుపై కలకత్తాకు పెత్తనము ఇచ్చినది, కాని మదరాసు కౌన్సిలు ఆ పెత్తనాన్ని మనసార అంగీకరించలేదు. గుంటూరును తిరిగి ఇచ్చివేయుటలో తాత్సారము చేసినందుకు మదరాసు తాత్కాలిక గవర్నరు వైట్‌హిల్‌ను కలకత్తావారు పదవినుండి తొలగించవలసి వచ్చినది. రంబోల్డును 1781లో డైరెక్టర్లు బర్తరఫ్ చేసినారు. గుంటూరు తిరిగి వచ్చినది, నిజాం కూటమి నుండి తప్పుకొని యుద్ధములో కదలక కూర్చున్నాడు. కంపెనీకి అది లాభమే. అయితే ఒకే కంపెనీకి రెండు నోళ్లున్నవని, ఒక నోరు ఇచ్చిన మాటను మరియొక నోరు కాదనవచ్చునని దర్బారు ఎల్లరకూ తెలిసిపోయినది.

ఇక మూడవ నోరు. కంపెనీ నౌకరులు భారతదేశములో చేసిన యుద్ధములు, కూడబెట్టిన ధనము ఇంగ్లండులో పెద్ద రాజకీయ సమస్యయై కూర్చున్నవి. 1783లో ఫాక్సు ఇండియా బిల్లుపై అచ్చటి ప్రభుత్వమే కూలిపోయినది. తరువాత వచ్చిన విలియం పిట్టు 1784లో ఇండియా చట్టము చేయించినాడు. దేశములను జయించి రాజ్యము పెంచుకొనుట బ్రిటిషు జాతి గౌరవమునకు విరుద్ధమని ఆ చట్టము ప్రకటించినది. శత్రువు ముందుగా దాడికి దిగితేనో, దాడికి సన్నాహము చేస్తేనో తప్ప, లండను అనుమతి లేక గవర్నర్ జనరల్ యుద్ధము ప్రకటించరాదు. స్వదేశీ ప్రభువుల రాజ్యరక్షణకు హామీ ఇచ్చే సంధులూ చేయరాదు. న్యాయముగా చూచితే ఇది మంచి చట్టమే. దురాక్రమణను అరికట్టదలచిన చట్టము. కాని రక్షణ కోరి వచ్చిన మిత్రునికి హామీ ఇవ్వవద్దని కూడ అదియే చెప్పినది.

బసాలత్ జంగు 1782లో మరణించినాడు. గుంటూరు కొరకు కంపెనీ ఒత్తిడి చేయగా 1788లో నిజాం దానిని అప్పగించినాడు. దానికి బదులుగా తనకు గట్టి హామీ కావలెనని కోరుతూ మీర్ ఆలంను కలకత్తాకు వకీలుగా పంపినాడు. అప్పటి గవర్నర్ జనరల్ కారన్‌వాలీసు సంధి చేయుటకు చట్టము అడ్డువచ్చినది. అందుచేత ఆయన ఒక ఉపాయము పన్నినాడు. 1789 జూలైలో సంధిపత్రము కాక ఒక లేఖ వ్రాసినాడు. 1768 నాటి వాక్యానికి అర్థము చెప్పే నెపముతో, నిజాం కోరినప్పుడెల్ల ఫౌజు లభించునని అందులో తెలిపినాడు. ఒక్కటే మినహాయింపు. కంపెనీ మిత్రులపై దానిని ప్రయోగించరాదు. ఆ మిత్రులు ఎవరో పేరు పేరున వ్రాసినాడు. అందులో మరాఠాలందరూ ఉన్నారు, టిప్పూ సుల్తాను పేరు లేదు. చట్టము అక్షరము చెడలేదు, పని జరిగిపోయినది. 1792లో కామన్స్ సభ ఈ లేఖకు సంధితో సమానమైన విలువ కలదని తీర్మానించినది. మా విద్యార్థులలో న్యాయశాస్త్రము చదువదలచినవారు ఈ లేఖను ప్రత్యేకముగా గమనించవలెను.

1790లో ఆంగ్లేయులు, మరాఠాలు, నిజాం కలిసి టిప్పూపై యుద్ధానికి దిగినారు. 1792 శ్రీరంగపట్టణ సంధితో టిప్పూ సగము రాజ్యాన్ని కోల్పోయినాడు. కడప, గండికోట మొదలగు ప్రాంతములు నిజాముకు వచ్చినవి. మిత్రులు మువ్వురూ ఒకరికొకరు రక్షణ హామీ ఇచ్చుకొనవలెనని కారన్‌వాలీసు సూచించినాడు, నిజాం సంతోషించినాడు, మరాఠాలు ఒప్పుకొనలేదు. విషయము అచ్చటనే ఆగిపోయినది. 1793లో కారన్‌వాలీసు స్వదేశానికి మరలినాడు.

మరాఠాలు చౌత్ బాకీలను లెక్కగట్టి కోట్ల రూపాయలు అడిగినారు. నిజాం దివాను అరస్తుజా లొంగలేదు. నానా ఫడ్నవీసు స్వయముగా వచ్చి లెక్కలు చెప్పవలెనని దర్బారులో మరాఠా వకీళ్లతో పరుషముగా పలికినాడని ప్రతీతి. ఇరుపక్షాలు యుద్ధానికి సిద్ధమైనవి. నిజాం ఆంగ్లేయుల వైపు చూచినాడు.

కొత్త గవర్నర్ జనరల్ సర్ జాన్ షోరు దుష్టుడు కాడు, పిరికివాడని కూడ మేము అనము. బంగాళపు రెవెన్యూ వ్యవహారములలో తలనెరసిన నియమపాలకుడు. ఆయన ముందు 1784 చట్టమున్నది. 1793లో కంపెనీ చార్టరును పొడిగించినప్పుడు పార్లమెంటు ఆ నిషేధాన్నే మరల చెప్పినది. ఇంకొక సంగతి కూడ మరువరాదు. వారన్ హేస్టింగ్సుపై అభిశంసన విచారణ 1788లో ఆరంభమై అప్పటికింకను లండనులో సాగుతూనే ఉన్నది. హద్దు దాటిన గవర్నర్ జనరలుకు స్వదేశములో ఏమి కాచుకొని ఉన్నదో షోరుకు ఒకరు చెప్పనక్కరలేదు. 1790 నాటి సంధి టిప్పూపైననే కాని మిత్రులలో ఒకరు మరియొకరిపై పడినప్పటి కొరకు కాదని, మరాఠాలతో యుద్ధము వస్తే టిప్పూ వారితో కలియవచ్చునని ఆయన తర్కించినాడు. పత్రముల ప్రకారము ఆ తర్కములో తప్పు పట్టుట కష్టము. హైదరాబాదులోని కంపెనీ పటాలములు రెండూ మరాఠాలపైకి కదలరాదని ఉత్తరువైనది.

1795 మార్చిలో, నేటి మహారాష్ట్రలోని ఖర్దా వద్ద ఉభయ సైన్యములు తలపడినవి. సింధియా, హోల్కరు, భోంస్లే సైన్యములన్నియు పేష్వా జెండా క్రింద ఏకమై నిలిచిన చివరి యుద్ధము అదియే. నిజాం పక్షాన ఫ్రెంచి సేనాని రేమాండు పటాలములు బాగుగనే పోరాడినవి. అయితే ఆ రాత్రి జనానాలో పుట్టిన భయము వలన నిజాం ఖర్దా కోటలోనికి తప్పుకొన్నాడు, సైన్యము చెదరిపోయినది. ఇరుపక్షాల ప్రాణనష్టము స్వల్పమే, సంధి షరతులు మాత్రము ఘోరమైనవి. దౌలతాబాదు కోటతో సహా విశాలమైన భూభాగము, 3 కోట్ల రూపాయలు ఇవ్వవలసి వచ్చినది. అరస్తుజాను బందీగా పూనాకు అప్పగించవలసి వచ్చినది. మరుసటి నెల, ఏప్రిల్ 23న, లండనులో హేస్టింగ్సు నిర్దోషిగా విడుదలైనాడు.

అరువది ఒక్క సంవత్సరముల వయసులో ఓడి ఇంటికి వచ్చిన నిజాం చేసిన మొదటి పని ఆంగ్లేయ పటాలములను పంపివేయుట. యుద్ధానికి పనికిరాని సైన్యానికి జీతము ఎందులకు? రేమాండు బలగము పెరిగి సుమారు 14,000 మందికి చేరినది. ఈ ఫ్రెంచి సేనాని సిపాయిల ఆదరము ఎంతగా చూరగొన్నాడంటే ముస్లింలు ఆయనను మూసా రహీం అనీ, హిందువులు మూసా రామ్ అనీ పిలుచుకొన్నారు. మన నగరములోని మూసారాంబాగు ఆ పేరు మీదనే వెలసినది. ఆయన సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్టపై కలదు. షోరు యుద్ధమును తప్పించుకొని శాంతిని కాపాడితినని భావించినాడు. జరిగినదేమనగా, ఇంగ్లండుకు బద్ధశత్రువైన ఫ్రాన్సు జెండా హైదరాబాదు శివారులలో ఎగిరినది.

అదే సంవత్సరము కుమారుడు అలీజా తిరుగుబాటు చేసి బీదరుకు పారిపోగా నిజాం ఆంగ్లేయ పటాలములను మరల పిలిపించినాడు. అవి వచ్చులోపలనే రేమాండు తిరుగుబాటును అణచినాడు. బందీగా వస్తూ దారిలో అలీజా విషము మింగి ప్రాణము తీసికొన్నాడు. వృద్ధ తండ్రికి ఖర్దా కంటె ఇది పెద్ద దెబ్బ అయి ఉండును.

అదృష్టము మరియొక దిక్కు నుండి వచ్చినది. 1795 అక్టోబరులో యువ పేష్వా సవాయి మాధవరావు శనివారవాడ మేడపైనుండి పడి మరణించినాడు. పూనాలో వారసత్వపు కుమ్ములాట చెలరేగినది. బందీగా ఉన్న అరస్తుజా ఆ కలహములో ఇరుపక్షాలకూ కావలసినవాడై, తన విడుదలనే కాక ఖర్దాలో పోయిన దానిలో పెద్ద భాగాన్ని తిరిగి సంపాదించి 1797లో హైదరాబాదుకు చేరుకొన్నాడు. యుద్ధరంగములో గెలిచిన దానిని మరాఠాలు తమ ఇంటి తగవులో పోగొట్టుకొన్నారు.

1798 మార్చిలో రేమాండు మరణించినాడు. ఏప్రిలులో కొత్త గవర్నర్ జనరల్ వెల్లస్లీ మదరాసులో దిగినాడు. ఇచ్చట పాఠకులు ఒక్క క్షణము ఆగవలెనని కోరుచున్నాము. లండనులో ప్రధాని ఆ పిట్టే. 1784 నాటి చట్టము ఒక్క అక్షరమూ మారలేదు. మారినది గాలి. 1793 నుండి ఫ్రాన్సుతో యుద్ధము నడుస్తున్నది. 1798 జూలైలో నెపోలియను ఈజిప్టులో కాలు పెట్టినాడు. టిప్పూ దూతలు మారిషస్ దీవిలో ఫ్రెంచివారి సహాయము అర్థించిన వార్త వెలువడినది. శత్రువు సన్నాహము చేస్తే తప్ప అన్న చట్టపు మినహాయింపు షోరుకు సన్నని సందుగా కనిపించినది, వెల్లస్లీకి కోటగుమ్మముగా కనిపించినది. ఇండియా వ్యవహారములు చూచే మంత్రి డండాసు ఆయనకు అండగా నిలిచినాడు. అదే వాక్యము 1795లో మిత్రుని విడిచిపెట్టుటకు కారణమైనది, మూడేండ్లకు మిత్రుని కౌగిలించుకొనుటకు కారణమైనది.

సెప్టెంబరు 1న హైదరాబాదులో ఒప్పందముపై సంతకములు జరిగినవి. ఆరు పటాలముల సైన్యము, ఏటా 24,17,100 రూపాయల ఖర్చు. అక్టోబరు 22న ఫ్రెంచి పటాలములను నిరాయుధము చేసినారు. జీతపు బాకీల కొరకు సిపాయిలు అప్పటికే తమ అధికారులపై తిరుగబడి ఉన్నందున రక్తము చిందలేదు. ఆ పని నడిపించిన రెసిడెంటు జేమ్స్ కర్క్‌పాట్రిక్ పేరు, కోఠీలో నేడు మహిళా విశ్వవిద్యాలయము నెలకొన్న రెసిడెన్సీ భవనము ద్వారా అందరికీ పరిచితమే.

ఇంత చేసినను 1798 ఒప్పందము మరాఠాలపై నిజాం కోరిన రక్షణను పూర్తిగా ఇవ్వలేదు. తగవు వస్తే కంపెనీ మధ్యవర్తిత్వము చేయునని మాత్రమే చెప్పినది. టిప్పూ 1799 మే 4న వీరమరణము పొందిన పిదప, 1800 అక్టోబరు 12న మరియొక సంధి జరిగినది. ఎవరు దాడి చేసినను, మరాఠాలే చేసినను, కంపెనీ సైన్యము నిజాంను రక్షించునని అందులో స్పష్టముగా వ్రాసినారు. ముప్పది నాలుగేండ్లుగా ఆయన కోరిన వాక్యము అది. దాని వెల ఏమి? 1792లోనూ, 1799లోనూ మైసూరు నుండి తనకు దక్కిన నేలనంతటినీ సైన్యపు ఖర్చు కింద కంపెనీకి ధారపోసినాడు. ఇతర రాజ్యములతో స్వతంత్రముగా వ్యవహరించే హక్కును వదులుకొన్నాడు. నేటి కడప, అనంతపురము, బళ్లారి ప్రాంతములు, కర్నూలు సీమలో కొంతభాగము ఆ విధముగా దత్తమండలములైనవి. మన్రో దొర కలెక్టరుగా వచ్చినది ఆ నేలకే. రాయలసీమ అను పేరు 1928లో కాని రాలేదు.

ఆయన ఎందుకు అంతకు ఒడంబడినాడు? ఒక మాటను నమ్మి చెడినవాడు రెండవసారి మాటతో తృప్తిపడడు. జీతము కొరకు అడగనక్కరలేని రీతిలో భూమినే ఇచ్చి, ఆ సైన్యాన్ని కదలించుట కంపెనీకే నష్టమగునట్లు చేయవలెనని అరస్తుజా, నిజాం తలచి ఉందురని మా ఊహ. ఆ ఊహకు బలము చేకూర్చే సంగతి ఒకటి కలదు. వెల్లస్లీ ఖర్చులకు డైరెక్టర్లు విసిగి 1805లో ఆయనను మరలించినప్పుడు జోక్యము వద్దన్న పాత విధానమే తిరిగి వచ్చినది. 1803లో జైపూరు రాజుతో చేసికొన్న సంధిని రెండు మూడేండ్లకే కంపెనీ త్రోసిపుచ్చినది. హైదరాబాదు సంధిని మాత్రము ముట్టుకొనలేదు.

పక్షవాతముతో క్రుంగిన నిజాం అలీఖాన్ 1803 ఆగస్టు 6వ తేదీన, నలుబది ఒక్క సంవత్సరముల పాలన అనంతరము పరమపదించినాడు. మక్కా మసీదు ఆవరణలో ఆయనను ఖననము చేసినారు. ఆ నెలలోనే కంపెనీకి, సింధియా భోంస్లేలకు యుద్ధము ఆరంభమైనది. 1795లో అడుగు కదపరాదన్న హైదరాబాదు సహాయక సైన్యము ఈసారి కర్నల్ స్టీవెన్సన్ నాయకత్వమున మరాఠాలపైకి నడిచి బుర్హాన్‌పూరును, అసీర్‌గఢ్ కోటను పట్టుకొన్నది. డిసెంబరులో భోంస్లేతో సంధి జరిగి, వార్ధా నదికి పడమటనున్న బేరారు భూములు హైదరాబాదుకు వచ్చినవి. వాటిని అందుకొన్నది ఆయన కుమారుడు సికందర్ జా.